సోయకూరకు మా తేదీలు

చలిదేశాల్లో సోయకూర విత్తడానికి ఒకటే లెక్క. చివరి గడ్డమంచు ఎప్పుడు పడుతుందో చూసుకుని, అది దాటాక చల్లుతారు. మన తెలుగు నేల మీద ఆ భయం లంబసింగి, చింతపల్లి లాంటి కొండల్లోనే. కారేపల్లిలో ఆకుకూర మళ్లు చేసే నాకు ఇటు వానతో, అటు ఎండతోనే పేచీ. మధ్యలో దొరికే మూడు నెలలే దీని కాలం.

చిత్త కార్తెలో తొందరపడి చల్లితే ఒక్క గట్టి వానకు గింజంతా మడి మూలకు కొట్టుకుపోతుంది. మిగిలి మొలిచింది మొదలు కుళ్లి పడిపోతుంది. అందుకే స్వాతిని పోనిచ్చి విశాఖలో, అంటే నవంబరు 6 తర్వాత, మొదటి మడి వేస్తా. అప్పుడు కూడా బంగాళాఖాతంలో తుపానుందంటే ఆగుతా. కార్తె కన్నా తెల్లవారుజామునే ఎక్కువ నమ్ముతా. గట్టు గడ్డి మీద మంచు తడి కనబడిందంటే నేల చల్లబడ్డట్టే. అడవి అంచు చేలు ఊరి పక్క చేలకన్నా ముందే చల్లబడతాయి.

గింజ మీద పలచగా మట్టి కప్పితే చాలు. మొలకకు వారం నుంచి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా పైతడి ఆరకూడదు. క్యారెట్ జాతిది కాబట్టి వేరు నిటారుగా దిగుతుంది. నారు పీకి నాటితే కోలుకోదు. పది పన్నెండు రోజులకో మడి చొప్పున వేస్తా. ఒక్కసారే కోతకొస్తే కొనేదెవరు? ఆ ఘాటు అలవాటు లేనివాళ్లు కట్ట ముట్టరు, అలవాటైనవాళ్లు ఖీమాలోకీ పెసరపప్పులోకీ అడిగి మరీ పట్టుకెళ్తారు. ముసురు పట్టి పేనుబంక కనిపిస్తే వేపనూనెతో సరిపెడతా. కోసిన మర్నాడే కూరయ్యే ఆకు, గట్టి మందులు కొట్టలేం.

మొదటి తేదీలో వారం అటూ ఇటైనా ఫర్వాలేదు. చివరి తేదీ తప్పితే మాత్రం పెట్టుబడి పోయినట్టే. సంక్రాంతి దాటాక వేసిన మడి శివరాత్రి ఎండకు సరిగా ఆకు పెట్టకుండానే కాడ తీసి పూతకు పోతుంది. పొద్దు సాగేకొద్దీ ఆ తొందర ఎక్కువవుతుంది, నీళ్లెన్ని పెట్టినా ఆగదు. పచ్చటి పూలు చూడ్డానికి బాగుంటాయి గానీ కట్టకు పైసా రాదు. విత్తనానికి నవంబరు మొక్కల్నే వదిలి, గింజ గోధుమరంగుకు తిరిగాక పొద్దున్నే తడి మీద కోస్తా, ఎండెక్కితే రాలిపోతుంది.

చెలక నేలైతే విశాఖలో దిగండి. రేగడైతే తడి ఆరడానికి ఇంకో వారం ఆగండి.