కాలేజీ పిల్లలు ఎవరి రిటర్న్‌లో ఉండాలి?

న్యూజెర్సీలో తెలుగు కుటుంబాలకు టాక్స్ రిటర్న్‌లు వేయడం నా వృత్తి. జనవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ 15 వరకు నా దగ్గరికి వచ్చేవాళ్లలో కాలేజీ పిల్లల తల్లిదండ్రులు చాలామంది. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న: "మావాడు డార్మ్‌లో ఉంటున్నాడు, సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ చేసి సంపాదించాడు. ఇంకా మా డిపెండెంట్‌గా చూపించుకోవచ్చాండీ?"

చాలా ఇళ్లలో చూపించుకోవచ్చు. హెచ్-4 వీసాకి 21, హెల్త్ ఇన్సూరెన్స్‌కి 26 ఏళ్లు విని విని ఇక్కడా అవే పనిచేస్తాయనుకుంటారు. టాక్స్ లెక్క వేరు. డిసెంబరు 31 నాటికి 24 నిండకూడదు. ఆ ఏడాదిలో ఏవైనా ఐదు నెలల్లో ఫుల్‌టైమ్ చదువు ఉండాలి. ఏడాదిలో సగానికి మించి మీతో ఉండాలి. "మాతో ఎక్కడండీ, పండక్కీ సెలవులకే కదా వచ్చేది" అంటారు. చదువు కోసం దూరంగా ఉన్న కాలాన్ని చట్టం ఇంట్లో ఉన్నట్టే లెక్కిస్తుంది.

నేను నిదానంగా చూసేది పోషణ ఖర్చు. పిల్లలు తమ ఖర్చులో సగానికి మించి తామే పెట్టుకుని ఉండకూడదు. ఎంత సంపాదించారన్నది కాదు, అందులో తిండికీ అద్దెకీ ఫీజుకీ ఎంత వాడారన్నదే లెక్క. బ్యాంకులో దాచుకున్నది ఇందులోకి రాదు, స్కాలర్‌షిప్ కూడా రాదు. తన పేరు మీద తీసుకున్న స్టూడెంట్ లోన్‌తో ఫీజు కడితే మాత్రం అది పిల్లలు పెట్టుకున్న ఖర్చే. ఫీజు భారీగా ఉన్నచోట ఈ ఒక్క అప్పుతోనే జవాబు మారిపోతుంది. అందుకే లోన్ కాగితం చూడకుండా నేను అవుననీ కాదనీ చెప్పను.

మేలో డిగ్రీ అయిపోయిన ఏడాది మరీ జాగ్రత్తగా చూడాలి. జనవరి నుంచి మే దాకా ఐదు నెలల చదువు సరిపోతుంది. కానీ జూన్ మొదట్లోనే ఉద్యోగం వచ్చి, వేరే ఊళ్లో అపార్ట్‌మెంట్ తీసుకుని స్థిరపడితే సగం ఏడాది షరతు నిలబడదు.

దీనివల్ల వచ్చేదెంత? డిపెండెంట్‌గా చూపిస్తే 500 డాలర్ల క్రెడిట్. అసలు లాభం అమెరికన్ ఆపర్చ్యూనిటీ క్రెడిట్‌లో ఉంది: ఏడాదికి 2,500 డాలర్ల దాకా, మొదటి నాలుగేళ్ల కాలేజీకి. అయితే భార్యాభర్తలు కలిపి ఫైల్ చేసినప్పుడు ఆదాయం 1,60,000 దాటితే అది తగ్గుతూ, 1,80,000 దగ్గర సున్నా అవుతుంది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్లు చాలావరకు ఆ గీత దాటేసే ఉంటాయి. అలాంటి వాళ్లకు నేను రెండు రకాలుగానూ లెక్కకట్టి చూపిస్తాను. తల్లిదండ్రులు 500 వదులుకుంటే, విద్యార్థి తను కట్టాల్సిన టాక్స్ మేరకు ఆ క్రెడిట్ వాడుకోవచ్చు. ఇంటర్న్‌షిప్‌లో బాగా సంపాదించిన పిల్లలున్న ఇంట్లో ఇదే మేలవుతుంది.

ఇవన్నీ చూసేలోపే పిల్లలు ఫోన్‌లో రిటర్న్ వేసేసి ఉంటారు. "నన్ను వేరొకరు డిపెండెంట్‌గా చూపించుకోవచ్చు" అన్న గడిలో టిక్ పెట్టరు. తర్వాత నేను పంపిన తల్లిదండ్రుల రిటర్న్ తిరిగొస్తుంది. అప్పుడు పిల్లలు 1040-ఎక్స్ వేసి సరిచేసుకోవాలి. ఆ టిక్ పెడితే పోయేదేమీ ఉండదని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. జీతంగా 12,000 డాలర్లు సంపాదించిన విద్యార్థికి, వేరే ఆదాయం లేకపోతే, టిక్ పెట్టినా పెట్టకపోయినా ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ సున్నాయే.

కాదని చెప్పాల్సినవీ ఉంటాయి. "తమ్ముడు హైదరాబాద్ నుంచి ఎమ్మెస్‌కి వచ్చాడన్నా, ఫీజు మొత్తం నేనే కడుతున్నా" అంటాడొకతను. ఆ ప్రేమ నిజం, ఆ ఖర్చూ నిజం. కానీ ఎఫ్-1 మీద కొత్తగా వచ్చినవాళ్లు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్లు. వాళ్లను డిపెండెంట్‌గా చూపించడానికి లేదు. "ఎవరు చూస్తార్లే, పెట్టేయండి" అంటే నేను ఒప్పుకోను. ఈ క్రెడిట్లకు ఏమేం అడిగి తెలుసుకున్నానో ఫారం 8867లో నేను రాసివ్వాలి. నిర్లక్ష్యంగా తీసుకున్న ఎడ్యుకేషన్ క్రెడిట్‌కి రెండేళ్లు, మోసంతో తీసుకున్నదానికి పదేళ్లు నిషేధం పడుతుంది. నన్ను నమ్మి వచ్చిన కుటుంబాన్ని ఆ ప్రమాదంలోకి నేను నెట్టలేను.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. జనవరిలోనే పిల్లలతో ఒకసారి కూర్చోండి. కాలేజీ పంపే 1098-టి, లోన్ కాగితాలు, అద్దె రసీదులు ఒకచోట పెట్టండి. ఎవరి రిటర్న్‌లో ఎవరుండాలో తేల్చుకున్నాకే ఇద్దరిలో ఎవరైనా ఫైల్ చేయండి.