ఛాయాగ్రహణము – చిత్తైకాగ్రత

గోదావరిఖనిలో అర్చకత్వము చేయుచున్న నాకు భక్తుల రాకపోకలు గని షిఫ్టులను బట్టియే తెలియును. మొదటి షిఫ్టు ముగించి స్నానమాచరించి వచ్చువారు కొందరు, రాత్రి షిఫ్టుకు పోవుచు ద్వారము వద్దనే నమస్కరించి సాగిపోవువారు కొందరు. ఇటీవల హారతి వేళ జోడింపవలసిన చేతులు సెల్‌ఫోనులతో పైకి లేచుచున్నవి. ఒక్క హారతికి ఇరువది, ముప్పది చిత్రములు! నిందించుట నా అభిమతము కాదు. స్వామి రూపమును ఇంటికి కొనిపోవలెనను కోరిక కూడ భక్తియే.

మా ఆలయమునకు నిత్యము వచ్చు ఒక విశ్రాంత గని కార్మికుడు గతించినప్పుడు, పటము కట్టించుటకు తగిన చిత్రమును ఎంచి యిమ్మని ఆయన కుమారులు నన్నడిగిరి. 2015 గోదావరీ పుష్కరములలో తీసిన చిత్రములే వందల కొలది కలవు. ఒకదానిలో కనులు మూతపడినవి, ఒకదానిలో ఎవరిదో భుజము అడ్డమైనది, పదింటిలో ఒకే భంగిమ. చూచి చూచి చిన్న కుమారుడనెను: "అయ్యగారూ, ఇన్ని ఫోటోలు తీసిన గని, ఆ దినం బాపు మొకం ఎట్లుండెనో యాదికొస్తలేదు." తుదకు తల్లి పెట్టె అడుగునుండి ఒక నలుపు తెలుపు చిత్రము తెచ్చినది. ఉద్యోగములో చేరిన క్రొత్తలో స్టూడియోలో తీయించుకొన్నదట. అదే పటమైనది.

ఆ కాలమున రీలునకు 36 చిత్రములే. అంతకు పూర్వము గాజు పలకలు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) నాటి పద్ధతిలో, నల్లని వస్త్రము క్రింద తల దూర్చి, తలక్రిందులుగా తోచు దృశ్యమును అద్దముపై సరిచూచుకొనిన పిమ్మటనే రసాయనపు పూత గల పలకను కెమెరాలో నిలుపవలెను. ముందు చూపు, తరువాత పలక. నేడు ముందు చిత్రము. చూపు ఇంటికి పోయిన తరువాత. ఆ తరువాత యనునది ఎంతమందికి లభించుచున్నదో!

జపములో నూటయెనిమిది ఆవృత్తులు లేవా యని ఒక యువకుడు నన్ను ప్రశ్నించెను. మంచి ప్రశ్నయే. సంఖ్య దోషము కాదు నాయనా. జపమున ప్రతి ఆవృత్తియు మనస్సును అదే నామమునకు మరలించును. ఇచట ప్రతి చిత్రమును, మరియొకటి ఉన్నదను ధీమాతో, మనస్సును ఈ క్షణమునుండి తప్పించును. చిత్తవిక్షేపములకు పతంజలి మహర్షి యోగసూత్రముల సమాధిపాదమున చెప్పిన ప్రతిక్రియ ఏకతత్త్వాభ్యాసము. మన ఆలయములలో దానికి సులభమైన రూపము పాదాదికేశాంత దర్శనము: పాదములనుండి కిరీటము వరకు దృష్టిని మెల్లగా నడిపించుట. ఇందులకు ఒక్క నిమిషము కూడ పట్టదు.

ఇప్పుడు నేను హారతికి పూర్వము గంటను ఆపి, "ముందు కండ్లార చూడుడు, పిదప ఒక్కటి తీసుకొనుడు" అని చెప్పుచున్నాను. కొందరు విందురు. కొందరు నా మాట ముగియక మునుపే నాలుగు తీసియుందురు.