మాట్లాడబోయింది, మాట్లాడబట్టె

ఇంగ్లీషులో పని మొదలైందని చెప్పడానికి స్టార్ట్, బిగిన్ అనే రెండు మాటలు తెలిస్తే చాలావరకు గడిచిపోతుంది. ఏడుపుకైనా, వానకైనా, వంటకైనా అవే. మన తెలుగుకు అది చాలదు. పని మొదలైందని చెప్తూనే ఎట్లా మొదలైందో కూడా చెప్పేస్తుంది.

ఒక్క ఏడుపునే తీసుకోండి. 'ఏడవసాగింది' అంటే ఏడుపు మొదలై ముందుకు పోతూ ఉంది. 'ఏడుపు అందుకుంది' అంటే అప్పటికే ఎవరో ఏడుస్తుంటే తనూ కలిసిందేమో అనిపిస్తుంది. 'ఏడవబోయింది' అంటే ఏడుపు అంచుదాకా పోయింది గానీ ఏడవలేదు. సాగడం, అందుకోవడం, పోవడం... అన్నీ మనం రోజూ చేసే పనులే. అవే ఇంకో పని మొదలుకు సాయం వస్తున్నాయి.

ఈ ఏడు భాషాశాస్త్రం పేపరు కోసం చదువుతుంటే మధ్య ఆసియాలోని కిర్గిజ్ భాష సంగతి తెలిసింది. అది టర్కిష్ భాషకు చుట్టం, మన కుటుంబం కాదు. అయినా వాళ్లూ మన మాదిరే క్రియను వాక్యం చివర పెడతారు, ఒక క్రియ వెనక ఇంకో క్రియను తగిలిస్తారు. వాళ్లకు 'బష్' అంటే తల. దాన్నుంచి పుట్టిన 'బష్తా' అంటే మొదలుపెట్టడం. మనకు మొదలు అంటే చెట్టు మొదలు. వాళ్లు తల దగ్గర మొదలుపెడితే మనం వేరు దగ్గర మొదలుపెడతాం! ఉన్నట్టుండి భోరుమంటే ఏడుపు క్రియ పక్కన 'జిబెర్' చేరుస్తారు. విడిగా ఆ మాటకు పంపడం అని అర్థం. 'కిర్' అంటే లోపలికి రావడం. అదీ మొదలును చెప్పడానికి పనికొస్తుంది. మనం 'పనిలోకి దిగింది' అనమా?

అంత దూరం ఎందుకు, మన బళ్లారిలోనే చూడండి. కన్నడ పాఠంలో 'అళతొడగిదళు' అని వస్తుంది. మన పాత పుస్తకాల్లోని 'ఏడ్వదొడగెను'కు అది తోబుట్టువు. వాళ్ల రాతల్లో ఇప్పటికీ తిరుగుతోంది, మన దగ్గర గ్రంథాల్లో మిగిలిపోయింది.

ఈ తేడాలు పరీక్షకే కాదు, ఇంటికీ పనికొస్తాయి. పోయిన ఏడు మా అవ్వకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. డాక్టరుగారు వచ్చినప్పుడల్లా ఇంగ్లీషులో ఒకటే అడిగేవారు, మాట్లాడటం స్టార్ట్ చేశారా అని. దానికి అవును, లేదు అని రెండే జవాబులు. మా అమ్మ మూడోది చెప్పేది: "మాట్లాడబోతుంది సార్, మాట రాదు." దాన్ని ఇంగ్లీషులో చెప్పే పని నాది. 'నాట్ యెట్' అంటే అవ్వ పెదవులు కదిలిన సంగతే పోతుంది. 'ట్రైయింగ్' అంటే ప్రయత్నం తెలుస్తుంది గానీ, మాట అంచుదాకా వచ్చి ఆగిపోయిందని తెలియదు. చివరికి అవ్వ పెదవులు ఎట్లా కదిలాయో నేనే చేసి చూపించాను. ఆయన శ్రద్ధగా చూసి, "మంచిదే. రోజూ ఆమెతో మాట్లాడుతూ ఉండండి, తొందరపెట్టకండి" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరం వంతులేసుకుని అవ్వ మంచం పక్కన కూర్చున్నాం.

నెలన్నర తర్వాత నేను కాలేజీలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "మీ అవ్వ మాట్లాడబట్టెనే!"

'మాట్లాడింది' అనలేదు అమ్మ. ఒక్క మాట అని ఊరుకున్నా మాట్లాడింది అనొచ్చు. బట్టె అంటే పట్టె. 'వాన పట్టుకుంది' అంటే ఇప్పట్లో వదలదని మనకు తెలుసు కదా, ఇదీ అంతే. మాటకు పట్టు దొరికింది, ఇంక ఆగదు. నాకు కావలసిన కబురంతా ఆ ఒక్క క్రియలోనే అందింది. సాయంత్రం ఇంటికి పోతే, ముద్దముద్దగానే అయినా, "తింటివా?" అని అడిగింది అవ్వ.

మన ఇళ్లలో ఇప్పుడు అన్నిటికీ 'స్టార్ట్ చేసింది', 'శురు చేసింది' అంటున్నాం. అనొద్దని కాదు. కానీ మీ అమ్మలు, అవ్వలు 'బట్టె', 'ఎత్తుకునె', 'అందుకునె' అన్నప్పుడు కాస్త చెవిపెట్టి వినండి. విన్న మాటలు చీటీ మీద రాసి ఈ గోడపత్రిక కింద అతికించండి. కింద చోటు వదిలిపెట్టాం.