దీవి నేలలో వంగమొక్క

ఆంధ్రతీరం విడిచి అండమాన్ దీవులకు ఓడ ఎక్కిన కుటుంబాల సామానులో బట్టలు, పాత్రలతోపాటు ఒక చిన్న విత్తనాల మూట కూడ ఉండడం అరుదు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాలనుండి వచ్చినవారు వీరిలో అనేకులు. ఇంటి పెరట్లో వంగమొక్క లేనిదే వారికి తోట తోటగా తోచదు.

అయితే ఆ వంగమొక్కను దీవి నేల అంత సులభంగా అంగీకరించదు. సంవత్సరానికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వర్షం, ఎడతెగని ఉక్క, అనేకచోట్ల ఆమ్లగుణం గల మట్టి: ఇవన్నీ బాక్టీరియా ఎండుతెగులుకు అనుకూలమైన పరిస్థితులు. మొక్క ఏపుగా పెరుగుతుంది, పూస్తుంది. పిందె దిగే వేళకు ఒక మధ్యాహ్నం ఆకులు పచ్చగా ఉండగానే వాలిపోతాయి. నాలుగు రోజులలో మొక్క చనిపోతుంది. నీరు చాలలేదని కొందరు, దిష్టి తగిలిందని కొందరు భావిస్తారు. నిజానికి మట్టిలోని సూక్ష్మజీవి వేరు గాయాల గుండా ప్రవేశించి, నీటిని పైకి తీసుకుపోయే నాళాలను మూసివేస్తుంది. వాడిన కాండాన్ని కోసి, గాజు గ్లాసులోని తేటనీటిలో ముంచి ఉంచితే కొద్ది నిమిషాలలో కోసిన చోటునుండి పాలవంటి తెల్లని దారాలు జారుతాయి. తెగులును ఇంట్లోనే గుర్తించే పరీక్ష ఇది. ఈ సూక్ష్మజీవిని 1896లో అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ వర్ణించాడు. టమాటా, మిరప, బంగాళాదుంప, అల్లం కూడ దీని వాత పడతాయి.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిర్‌లో ఒక గుమాస్తా ఇంట వరుసగా రెండేళ్ళు ఇదే జరిగింది. స్వగ్రామంనుండి తెచ్చిన గుత్తివంకాయ విత్తనం చివరి పిడికెడు మిగిలింది. కొడుకు తెగులును తట్టుకొనే కొత్తరకం వేద్దామన్నాడు. “అది కాయొచ్చురా, మన కాయ రుచి దానికెక్కడిది?” అన్నది తల్లి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

తెగులు సోకిన మొక్కను బ్రతికించే మందు లేదు కనుక ముందుగా ఎంచుకోవడమే ఉపాయం. 1978లో పోర్టుబ్లెయిర్‌లో నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన సంస్థ ఈ తెగులును తట్టుకొనే ‘కారి బ్రింజాల్-1’ అనే వంగరకాన్ని రూపొందించింది. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క కేశవ్, అర్క నిధి రకాలకూ ఈ గుణం ఉన్నది. కాని ఒకచోట నిలిచిన నిరోధకశక్తి మరొకచోట నిలుస్తుందన్న హామీ లేదు. ఆపిల్ చరిత్రే ఇందుకు నిదర్శనం. ఒక అడవి ఆపిల్ జాతినుండి మచ్చతెగులు నిరోధకశక్తిని గ్రహించి 1970లో అమెరికాలో ‘ప్రైమా’ రకాన్ని విడుదల చేశారు. తరువాతి దశాబ్దాలలో ఐరోపాలో ఆ శక్తిని కూడ జయించిన శిలీంధ్రపు తెగలు బయలుదేరాయి. అందువల్ల స్థానికంగా పరీక్షింపబడిన రకానికే మొదటి స్థానం ఇవ్వడం వివేకం.

తల్లి కోరిక తీరే మార్గం అంటుకట్టడం. తమిళులు సుండక్కాయ అని పిలిచే ఉస్తి మొక్క వంగకు దగ్గరి చుట్టం. దాని వేరు ఈ తెగులును చాలవరకు తట్టుకొంటుంది. ఉస్తి విత్తనం ఆలస్యంగా మొలుస్తుంది కనుక దానిని రెండు మూడు వారాలు ముందుగా నాటాలి. రెండు కాండాలూ సమాన లావుకు వచ్చినప్పుడు ఉస్తి మొక్కను అడ్డంగా కోసి, నడుమ చీల్చి, చీలికవలె చెక్కిన వంగకొమ్మను అందులో అమర్చి బిగించాలి. వారం రోజులు నీడలో, తేమ ఆరకుండ కప్పి ఉంచాలి. నాటేటప్పుడు అతుకు మట్టికి పైననే ఉండాలి. అతుకు పూడితే పై వంగ సొంత వేళ్ళు దింపి మళ్ళీ తెగులుకు చిక్కుతుంది. అతుకు క్రింద మొలిచే ఉస్తి పిలకలను ఎప్పటికప్పుడు గిల్లివేయాలి.

ఏ పద్ధతి అనుసరించినా నేలపట్ల శ్రద్ధ తప్పదు. ఎత్తుమడులు కట్టి నీరు నిలువకుండ చూడాలి. మట్టి ఆమ్లతను పరీక్షించి సున్నం కలపాలి. టమాటా, మిరప పండిన మడిలో వెంటనే వంగ నాటక మొక్కజొన్నవంటి పైరు వేయాలి. చచ్చిన మొక్కను వేళ్ళతో సహా పెకలించి, గునపాన్ని కడిగిన తరువాతనే ప్రక్క మడిని తాకాలి.

ఆ ఇంట చివరకు రెండూ వేశారు. అయితే వంగపూలు కొంతవరకు పరపరాగంతో కలిసిపోతాయి కనుక, విత్తనానికి ఉంచదలచిన మొగ్గలకు పలుచని గుడ్డసంచి కట్టవలసి వచ్చింది. అంటుమొక్క కాయలోని విత్తనానికి ఉస్తి వేరు బలం సంక్రమించదు. అది పూర్వపు గుత్తివంకాయ విత్తనమే. ఏటేటా ఆ విత్తనాన్ని దాచుకొనవలసిందే, ఏటేటా దానికి దీవి వేరును కొత్తగా అతుకవలసిందే. తల్లి విత్తనాలు ఎండబెడుతుంటే, కొడుకు ఉస్తి నారు పోస్తున్నాడు.