బానెట్ కింద అసలు నంబరు

సినిమాలో కారు నంబరు మార్చడం ఒకప్పుడు నా ఉద్యోగం! 1983లో మద్రాసులో ప్రొడక్షన్ అసిస్టెంటుగా ఉండేవాణ్ణి. షూటింగుకు మా మామయ్య ఫియట్టే అద్దెకు తెచ్చేవాళ్ళం. పొద్దున హీరోయిన్ తండ్రి కారు, మధ్యాహ్నం స్మగ్లర్ల కారు. అట్టముక్క మీద ఏదో నంబరు రాసి అసలు ప్లేటు మీద కట్టేస్తే సరి. పేకప్ అనగానే ఊడదీసేవాణ్ణి.

మామయ్య పోయాక ఆ బండి నాకొచ్చింది. 1968 ఫియట్ డిలైట్. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు చేసింది. స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు, ముందు సీటులో ముగ్గురు ఇరుక్కునే దర్జా! పదేళ్ళు షెడ్డులో తుప్పు పట్టింది. లారీ మీద విజయవాడ ఆటోనగర్ చేర్చి, అప్పు చేసి మరీ బాగుచేయిస్తున్నాను.

రంగు వేసేముందు బానెట్ కింద ఉన్న చిన్న అల్యూమినియం ప్లేటు తీశారు. రివిట్లు డ్రిల్లు చేస్తేగానీ ఊడదు. కంపెనీ పేరు, మోడలు, చాసిస్ నంబరు, ఇంజను నంబరు... అక్షరాలు సగం మాసిపోయాయి. చిక్కేమిటంటే, ప్లేటు మీద ఇంజను నంబరు ఒకటి, బండిలో ఉన్న ఇంజను నంబరు మరొకటి. 1979లో బ్లాకు పగిలితే మామయ్య వేరే ఇంజను వేయించి, ఆర్.సి.లో రాయించాడు.

"పాతది పారేద్దాం సార్. ఖాళీ ప్లేటు తెచ్చి ఇప్పటి నంబర్లు పంచ్ కొట్టిస్తా. కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది" అన్నాడు మెకానిక్. బేరానికి వచ్చినాయన ఇంకాస్త ఊరించాడు: "నంబర్లన్నీ కలిస్తే లక్ష ఎక్కువిస్తానండీ."

నిజం చెప్పొద్దూ, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. లక్షంటే మాటలా?

అసలు ప్లేటు పోతే కొత్తది చేయించుకోవడంలో తప్పు లేదు, కొనేవాడికి ఆ మాట చెబితే. కానీ ఉన్నదాన్ని పారేసి, ఈ ఇంజనే కుర్లా నుంచి వచ్చిందని రాయిస్తే? తుక్కుబండి ప్లేటు తెచ్చి దొంగబండికి కొట్టేవాళ్ళు చేసేదీ ఇంచుమించు ఇదే. (మన సినిమాల్లో విలన్ వెనక నంబరు మార్చి పారిపోతుంటే, ఒక్క హీరో అయినా బానెట్ ఎత్తి చూస్తాడా!) నా అట్టముక్కకు సాయంత్రం పేకప్ ఉండేది. దీనికి ఉండదు.

సబ్బునీళ్ళు, పాత టూత్ బ్రష్ పెట్టి నేనే తోమాను. ఎమరీ పేపరు తగలనివ్వలేదు, ఉన్న అక్షరాలు కూడా పోతాయి. పాత చిల్లుల్లోనే కొత్త రివిట్లు కొట్టించాను. ఇంజను మార్చిన సంగతి చెప్పగానే బేరగాడు మళ్ళీ రాలేదు. అప్పు అలాగే ఉంది.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటు మీద 'వీఏ' అని వస్తుంది. చాసిస్‌లో, ఇంజనులో పెద్ద మార్పులు ఉండకూడదట. మామయ్య ఇంజను కథ అక్కడా చెప్పుకోవాలి. ఏమంటారో చూడాలి.

మొన్న బాడీ రేకులో గుద్దిన చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలు రుద్దాను. అక్కడ లప్పం పెట్టనివ్వలేదు లెండి. అంకెలు ఒక్కొక్కటే నల్లగా పైకి తేలాయి. ఆ కాగితాన్ని మామయ్య ఆర్.సి. పుస్తకంలో మడిచి పెట్టాను.