పెనుకొండ దారిలో మూతపడిన అంగడి

హిందూపురపు బెల్లపు మండీలను, చింతపండు రాశులను చూచుటతోనే ఒక పగలు గడచిపోయినది. నన్ను నిలిపినది పెనుకొండ చేరుటకు ముందు, బాటప్రక్కన పైకప్పు కూలి మొండిగోడలతో మిగిలిన యొక సారాయి అంగడి. 1565లో తళ్లికోట పరాజయానంతరము విజయనగర ప్రభువులు రాజధానిగా జేసికొనిన కొండకోట ఎదుట కానవచ్చుచుండగా, ఈ గోడలకడ నీకేమి పని యని తోడివారు విసుగుకొనిరి. కోట కథ చెప్పువారు వేలమంది. నాకు అంగడి కథయే కావలసియుండెను.

వేపనీడన గొఱ్ఱెలను నిలిపియున్న పెద్దాయన, "ఏం సామీ, సారాయంగడి కొనేకొచ్చినారా?" యని నవ్వి కూర్చుండబెట్టెను. తొలుత అది కల్లంగడి యట. వాగుగట్టున ఈతచెట్లు గీచెడి ఈడిగవారి కుటుంబ మొకటి, సర్కారునకు చెట్టుపన్ను గట్టి, దానిని నడపెడిది. 1948 నాటికి మదరాసు రాష్ట్రమంతట మద్యనిషేధము వ్యాపింపగా తొలిసారి మూతపడి, నిషేధము తొలగిన పిదప అదియే సారాయి అంగడియై తెఱచుకొనెను. అది మొదలు ఏటేటా వేలమే. ఎక్కువ పాడినవాడే ఆ యేటి దొర. ఆ గుత్తేదారులలో కొందఱు ఊరి మొగమైన చూడక, గుమాస్తాను కూర్చుండబెట్టి రొక్కము తెప్పించుకొనిరట. "ఈడిగాయన పంటలొచ్చేదంకా అప్పు నిలబెట్టేవాడు, ఈ గుమాస్తాలు ఇత్తడి బిందెలు కుదువ పెట్టించుకున్యారు" అని పెద్దాయన నేటికిని కోపముతోనే చెప్పెను.

1983లో ప్రభుత్వమే 'వారుణి వాహిని' యను సొంపైన పేరుతో సారాయిని పొట్లములకెత్తినది. ఆ ప్రభుత్వాధిపతి నందమూరి తారకరామారావుగారు 1985 మొదలు హిందూపుర శాసనసభ్యులు కూడను. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రేపిన అలజడి రాష్ట్రమంతట ప్రాకి, 1993 అక్టోబరు 1న సారాయి నిషిద్ధము కాగా ఈ తలుపు మూతపడినది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధమును అమలుపఱచినవారును ఆ రామారావుగారే. 1997లో మద్యము మరలి వచ్చినది గాని సారాయి రాలేదు. సరిహద్దునకావలి కర్ణాటకమున మాత్రము 2007 వఱకు దొరకుచుండుటచే, "ఆపుకోలేనోళ్లు గౌరీబిదనూరు రైలెక్కేవాళ్లు" అని పెద్దాయన కన్నుగీటెను.

స్థల మిప్పుడెవరిదని యడిగితిని. "పాడినోళ్లంతా పాయిరి సామీ, పట్టా ఈడిగోళ్ల పేర్నే ఉండాది." ఆ యింటి మనుమడు ధర్మవరములో పట్టుమగ్గము నేయుచున్నాడట. వెదకుద మనుకొంటిని గాని, ధర్మవరము చేరునప్పటికి ప్రొద్దుపోయెను. బసలోని దోమలు తక్కిన యుత్సాహమును హరించినవి.