డెంకణికోట రాగి చేలల్లో పాము, ఎలుక

హోసూరు బస్టాండులో డెంకణికోట బస్సు ఎక్కితే మత్తిగిరి దాకా ఊరే. అక్కడి పాతకాలపు పశువుల ఫారం దాటినాక ఎర్రమట్టి మొదలవుతుంది. రాగి చేలు, వాటి మధ్య అనప సాళ్ళు, గట్ల మీద చింతచెట్లు. టికెట్టు మీద అక్షరాలు తమిళం, పక్క సీటులో మాట తెలుగు, వెనక సీటులో కన్నడం. 2004లో ధర్మపురి నుంచి విడదీసి కృష్ణగిరి జిల్లా చేసినారు. డెంకణికోట అందులో ఒక తాలూకా కేంద్రం. ఊళ్ళో పేరున్న గుడి బేటరాయస్వామిది. కన్నడంలో బేటె అంటే వేట. వేటగాడి రూపంలో ఉన్న విష్ణువని ఇక్కడివాళ్ళు కొలుస్తారు.

ఊరి అవతల అడవి. రాగి పండే కాలంలో ఏనుగులు దిగుతాయి, రైతులు రాత్రంతా కాపలా ఉంటారు. ఏనుగు తినేది కంటికి కనిపిస్తుంది. ఎలుక తినేది కనిపించదు. వెన్నులు కొరికి బొక్కలోకి లాగి దాచుకుంటుంది. కోసి కుప్ప వేసినాక ఆ కుప్ప కిందే కాపురం పెడుతుంది. దాని వెనకనే పాము వస్తుంది. అందుకే ఇక్కడి పెద్దలు జెర్రిపోతును కొట్టనివ్వరు. దానికి విషం లేదు, పగటిపూట తిరుగుతుంది, ఎలుకను నేలకు అదిమిపట్టి మింగేస్తుంది.

మొన్న మిల్లు సెలవుల్లో చెల్లెలి ఇంటికి పోయినాను. మా అల్లుడికి పంతొమ్మిదేళ్ళు. పెరట్లో నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము, దాని మీద జల్లెడ, జల్లెడ మీద రాయి. లోపల మూడడుగుల జెర్రిపోతు పిల్ల.

“రాగి కుప్ప కింద దొరికింది మామా, సాకుతాండా. వారానికొక ఎలుక వేస్తా. ఫోన్లో అమెరికావాళ్ళు సాకేది చూసినా” అన్నాడు.

చెల్లెలు వంటింట్లోనుంచే, “చూడన్నా, నేను చెప్తే వినడు” అంది.

డ్రమ్ములోకి వంగి చూస్తే పాము మెడ కింద రూపాయి బిళ్ళంత పుండు. పొలుసులు లేచిపోయి ఎర్రగా ఉంది. ముందురోజు రాత్రి బతికున్న ఎలుకను వేసి వాడు పడుకున్నాడంట. పాము తినలేదు. తెల్లారేసరికి ఎలుకే పామును కొరికింది.

ఆ పొద్దు రాగి కుప్పల దగ్గర ఎలుకలు పట్టడానికి ఒక ఇరుళ పెద్దాయన వచ్చినాడు. కుండలో ఎండుగడ్డి రాజేసి, బొక్క మూతికి ఆనించి పొగ ఊదుతారు. మన నెల్లూరు, చిత్తూరు వైపు యానాదులు చేసే పనే. ఆయన్ను పిలిచి డ్రమ్ము చూపించినాను.

“చేనులో ఎలుకకు పది దారులు, పాముకు పది దారులు. ఇందులో ఇద్దరికీ దారి లేదు. దారి లేని ఎలుక కొరకకుండా ఏం చేస్తుంది?” అన్నాడాయన.

ఈ మాటకు, పాములు సాకేవాళ్ళు చెప్పే జాగ్రత్తలకు తేడా లేదు. ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ఉలిలాంటివి. ఆకలి లేని పాము ఎదురు తిరగదు. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగుకు మారి పాముకు చూపు మసకబారుతుంది, అప్పుడు మేతే ముట్టదు. అట్లాంటప్పుడు ఎలుకను లోపల వదిలిపెడితే కళ్ళు, వీపు కొరికేస్తుంది. పుండు చీము పట్టి పాము చస్తుంది. అందుకే విదేశాల్లో సాకేవాళ్ళు చాలామంది ముందే చంపి, గడ్డకట్టించిన ఎలుకను కరిగించి, వెచ్చబరిచి, పొడవాటి పట్టుకారుతో అందిస్తారు. పాము వంటి మీద ఎక్కువ లావున్న చోటుకన్నా ఎలుక లావు ఉండకూడదు. బతికున్నదే వేయాల్సి వస్తే కళ్ళు తిప్పకుండా కావలి ఉండి, తినకపోతే వెంటనే తీసేయాలి. తిన్నాక రెండు రోజులు పామును ముట్టకూడదు, ముడితే కక్కేస్తుంది. చలిలో అరగదు. డెంకణికోట మార్గశిరం చలి సంగతి తెలిసిందే కదా.

చేనులో పట్టిన ఎలుకతో ఇంకో గండం ఉంది. అది ఎక్కడో మందు తిని ఉంటే ఆ విషం పాముకూ ఎక్కుతుంది. దాని మూత్రం నుంచి మనుషులకు ఎలుక జ్వరం వస్తుంది. మా అల్లుడు దాన్ని ఉత్త చేత్తో పట్టి, అదే చేత్తో సంగటి తింటున్నాడు.

ఇదంతా నేర్చుకుని బాగానే సాకుతానంటే? దానికి చట్టం అడ్డం. మన దేశపు అడవి పాములను ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జెర్రిపోతూ అందులో ఉంది. వాడు ఫోన్లో చూసిన అమెరికాలో సాకుడు ఎక్కడికి పోయిందో కూడా చెప్పినాను. బర్మా కొండచిలువలను పెంచుకోను కొన్నవాళ్ళు అవి పెద్దవైనాక వదిలేసినారు, కొన్ని తప్పించుకున్నాయి. ఫ్లోరిడా చిత్తడి అడవుల్లో అవి పెరిగిపోయి కుందేళ్ళను దాదాపు లేకుండా చేసినాయి. వాటిని వెతికి పట్టడానికి 2017లో అక్కడివాళ్ళు పిలిపించింది ఎవరినో తెలుసా? మన తమిళనాడు ఇరుళవాళ్ళను. మాసి సడయన్, వడివేల్ గోపాల్ అనే ఆ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ ఇచ్చినారు. మహాబలిపురం దారిలోని వడనెమ్మేలిలో 1978 నుంచి ఇరుళ సహకార సంఘం నడుస్తోంది. పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటు మందు తయారవుతుంది.

అల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “పట్టుకుపోయి జైల్లో వేస్తారా మామా?” అన్నాడు.

“దెబ్బ తగిలిన పాము దొరికిందని నువ్వే పిలిచి అప్పగించు, నేను పక్కన ఉంటా” అన్నాను.

సాయంత్రానికి అటవీశాఖ మనిషి వచ్చి గోనెసంచిలో తీసుకుపోయినాడు. వాడిని గట్టిగా మందలించినాడు, అంతే.

ఇది మన లైన్లలోవాళ్ళకు ఎందుకంటే, మన ఇళ్ళల్లోనూ తెలియకుండా అందరం పాములకు మేత పెడుతున్నాం. గోడౌను వెనక దూది వ్యర్థం, మూత లేని బియ్యం డబ్బా, కాలవ పక్కన పారేసిన అన్నం. ఇవి ఎలుకకు విందు. ఎలుక కోసం వచ్చేది జెర్రిపోతు ఒక్కటే కాదు, నాగుపాము, రక్తపింజరీ వస్తాయి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో పోయినారని 2020లో వచ్చిన ఒక పరిశోధన లెక్క కట్టింది. వాళ్ళలో ఎక్కువమంది పల్లెల్లోవాళ్ళే.

గింజలు రేకు డబ్బాలో పెట్టండి. బొటనవేలు దూరే సందులన్నీ సిమెంటుతో మూయండి. పిల్లలను మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోబెట్టండి. రాత్రి బయటికి పోతే టార్చి, కాళ్ళకు చెప్పులు. కాటు పడితే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, మంత్రగాడి దగ్గర పొద్దు పోగొట్టొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. ఇంట్లోకి పాము వస్తే కొట్టొద్దు, దూరంగా నిలబడి అటవీశాఖకు చెప్పండి.

ఆ డ్రమ్ము ఇప్పుడు ఊరకే లేదు. మా చెల్లెలు దాన్ని కడిగి, ఎండబెట్టి, గట్టి మూత పెట్టించి అందులో రాగులు పోసుకుంది.